లూప్స్ కొన్నాక కూడా 3-0 సిల్కేనా?

ఈ మధ్య తిరుపతిలో డెంటిస్టుల కోసం జరిగిన ఒక సీడీఈలో (శిక్షణ సదస్సులో) చిగుళ్ళ సర్జరీ ఫొటోలు చూపించారు. మైక్రోస్కోప్ కింద తీసినవి. కోత చక్కగా ఉంది, ఫ్లాప్ (ఎముక మీంచి విడదీసిన చిగురు పొర) చక్కగా లేచింది, ఎముకలోని గుంట లోపలిదాకా కనిపిస్తోంది. తర్వాత కుట్లు వేసిన ఫొటో వచ్చింది. నల్లగా, లావుగా 3-0 సిల్కు దారం (సున్నా ముందున్న అంకె పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది). దాని గురించి ఎవరూ అడగలేదు. టీ తాగేటప్పుడు మాత్రం రెండు మాటలు వినిపించాయి. "ఇన్నేళ్ళూ ఉత్త కళ్ళతోనే చేశాం, పేషెంట్లు బాగానే ఉన్నారు కదా సార్" అని ఒకరు. "ఏ కంపెనీది కొనాలి, ఎన్ని రెట్లది కొనాలి" అని ఇంకొకరు, లూప్స్ గురించి. లూప్స్ అంటే కళ్ళజోడులా పెట్టుకుని, పెద్దదిగా చూపించే లెన్సులు.

రెండూ న్యాయమైన ప్రశ్నలే. కానీ ఈ రెంటికంటే ముందు తేలాల్సింది ఇంకొకటుంది. పెద్దదిగా చూపించడం అనే పని తనంతట తాను ఏ చిగురునీ నయం చెయ్యదు. కన్ను చూసినదాన్ని బట్టి చెయ్యి మారాలి, చెయ్యి మారాలంటే సూది, దారం, నీడిల్ హోల్డర్ మారాలి. ఇవేవీ మార్చకుండా లూప్స్ పెట్టుకుంటే మనం చేసే నష్టం మనకే స్పష్టంగా కనిపిస్తుంది, అంతే. అందుకే నా దృష్టిలో కొనాల్సిన వరుస ఇది: మొదట తలకు పెట్టుకునే లైటు, దానితోపాటు 2.5 లేదా 3.5 రెట్ల లూప్స్, వెంటనే సన్నటి సూచర్లు (కుట్టు దారాలు), వాటికి సరిపడే పరికరాలు. మైక్రోస్కోప్ వీటన్నిటి తర్వాత. మన జిల్లాల్లో చాలాచోట్ల ఈ వరుస తలకిందులుగా నడుస్తోంది.

రెండు మిల్లీమీటర్ల పాపిల్లా

కింది ముందు పళ్ళు రెండింటి మధ్య ఉండే పాపిల్లా (పళ్ళ సందులోని చిగురు కొన) తీసుకుందాం. అక్కడ వెడల్పు చాలాసార్లు 2 మి.మీ. మించదు. పళ్ళ మధ్య సందు 2 మి.మీ. దాటితే ఒక రకం, అంతకు తక్కువైతే ఇంకో రకం పాపిల్లా ప్రిజర్వేషన్ ఫ్లాప్ (పాపిల్లాని కాపాడుతూ లేపే ఫ్లాప్) అని కోర్టెల్లినీ బృందం 1990ల్లోనే విడగొట్టి చెప్పింది ఇందుకే. ఆ 2 మి.మీ. కణజాలంలోంచి 3-0 సిల్కు లాగామనుకోండి. దారం మందమే 0.2 మి.మీ. పైన, అంటే పాపిల్లా వెడల్పులో పదో వంతు. దారం కంటే సూది లావు, కాబట్టి పడే రంధ్రం ఇంకా పెద్దది. మన దగ్గర మామూలుగా దొరికే 3-0 సిల్కుకి ఉండే సూది పొడవు చాలాసార్లు 20 మి.మీ. దాటుతుంది. అంత సూదిని అంత ఇరుకులో తిప్పేటప్పుడు దాని వంపు ప్రకారం తిప్పడానికి చోటుండదు. సగంలో నేరుగా లాగుతాం, అక్కడే అంచు చిరుగుతుంది.

ఉత్త కంటికి ఆ చిరుగు కనపడదు. దగ్గర నుంచి చూసినా రెండు చుక్కల మధ్య 0.2 మి.మీ. కంటే తక్కువ ఎడం ఉంటే మామూలు కంటికి అవి ఒక్కటిగానే తోస్తాయి. చిగురు అంచుల మధ్య అంతకంటే తక్కువ సందు ఉంటే "మూసుకుంది" అనుకుంటాం. పైన రక్తం పూసుకుని ఉంటుంది, దాని మీద ప్యాక్ (గాయాన్ని కప్పే ముద్ద) కూడా పెట్టేస్తాం. వారం తర్వాత ప్యాక్ తీస్తే పాపిల్లా కొసన తెల్లటి పొర, మధ్యలో పల్లం. అప్పుడు పేషెంటు బ్రష్ చెయ్యలేదనో, షుగర్ ఉందనో రాసుకుంటాం. ఆ కారణాలు కూడా నిజమే కావచ్చు. కానీ కుట్టు వేసిన రోజునే చిరిగిన అంచు సంగతి ఆ కేస్ షీట్లో ఎక్కడా ఉండదు.

ఇప్పుడు అదే చోట 7-0 పాలీప్రొపిలీన్. దారం 0.05 నుంచి 0.07 మి.మీ. లోపు. 2008లో బర్కార్ట్, లాంగ్ బృందం పంది దవడల కణజాలం మీద చేసిన ప్రయోగం ఇక్కడ చాలా పనికొస్తుంది. 3-0 కుట్టుని లాగుతూ పోతే ఎక్కువగా కణజాలమే చిరిగింది, సగటున 13 న్యూటన్ల దగ్గర. 7-0 అయితే ఎక్కువగా దారమే తెగింది, 4 న్యూటన్ల లోపే. 5-0 దగ్గర రెండూ జరిగాయి. అంటే సన్న దారం మన చేతి బలానికి హద్దు పెడుతుంది. అతిగా బిగిస్తే అది తెగి మనకి చెబుతుంది, చిగురు చిరగడానికి ముందే. ఈ లాభానికి లెన్సుతో నేరుగా సంబంధం లేదు, కానీ లెన్సు లేకుండా ఆ దారాన్ని వాడలేం. 6-0 దాకా లైటు బాగుంటే ఎలాగో నెట్టుకురావచ్చు. 7-0 ముడి ఎక్కడ కూర్చుందో ఉత్త కంటితో చెప్పడం కష్టం.

సన్న దారానికి దాని చిక్కులు దానికున్నాయి, అవి దాచిపెట్టి లాభం లేదు. పాలీప్రొపిలీన్ చుట్టలోంచి తీసిన ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటుంది, ముడి జారుతుంది. మొదట రెండు చుట్లు, తర్వాత ఒకటి, ఎదురు దిశలో ఇంకొకటి, ముడి బల్లపరుపుగా కూర్చోవాలి. కొసలు మరీ చిన్నగా కత్తిరిస్తే ముడి విడుతుంది, 2 మి.మీ. పైన వదిలితే పెదవికి గుచ్చుకుంటుంది. మెత్తగా ఉంటుందనే పేషెంట్లు సిల్కునే ఇష్టపడతారన్నది నిజమే. అయితే సిల్కు అల్లిన దారం. నోటిలోని తడినీ బాక్టీరియానీ లోపలికి పీలుస్తుంది. గుచ్చుకునే కొసకి ఉపాయం ఉంది: ముడిని పెదవి వైపు నిలబెట్టకుండా పక్కకి, పంటి మీదికి తిప్పి పెట్టడం. ఒకటి మాత్రం చెయ్యకూడదు: సన్న కుట్ల మీద నేరుగా ప్యాక్ పెట్టడం. ప్యాక్ ముడుల్లోకి దూరి గట్టిపడుతుంది, తీసేటప్పుడు కుట్టుని లాక్కొస్తుంది. అసలు 7-0తో అంచులు బాగా కలిస్తే ప్యాక్ అవసరం చాలా కేసుల్లో ఉండదు.

నీడిల్ హోల్డర్ గురించి ఎవరూ మాట్లాడరు. 3-0కి వాడే మామూలు నీడిల్ హోల్డర్‌తో 7-0 సూదిని పట్టుకుంటే మొదటి పట్టుకే సూది వంపు చెదురుతుంది. క్యాస్ట్రోవీయో రకం (సన్న మొనలు, స్ప్రింగు పిడి ఉన్నది) కావాలి, పెన్నులా పట్టుకోవాలి, చిటికెన వేలు వైపు అరచేతి అంచు పేషెంటు గడ్డం మీదో పళ్ళ మీదో ఆనాలి. సూదిని దారం అంటుకున్న కొస నుంచి మూడో వంతు దూరంలో పట్టుకుని, చిగురు ఉపరితలానికి నిటారుగా, అంచు నుంచి 1–1.5 మి.మీ. లోపలికి గుచ్చాలి. ఫోర్సెప్స్‌తో ఫ్లాప్ అంచుని నొక్కి పట్టుకునే అలవాటు మానుకోవాలి. మొనకి పళ్ళున్న అడ్సన్ ఫోర్సెప్స్‌తో నొక్కిన అంచుని 6 రెట్ల కింద ఒక్కసారి చూస్తే ఆ అలవాటు దానంతట అదే పోతుంది.

లెన్సు ఘనతా, దారం ఘనతా?

నా వాదనని పరీక్షకు పెట్టాలి. మైక్రోసర్జరీ అంటే అందరూ చూపే పని 2005లో బర్కార్ట్, లాంగ్ చేసినది. పది మంది పేషెంట్లు, ఒక్కొక్కరి నోట్లో ఒక వైపు కోర పంటి రిసెషన్‌ని (చిగురు జారి వేరు బయటపడిన చోటుని) మామూలు పద్ధతిలో, రెండో వైపు మైక్రోసర్జరీ పద్ధతిలో కప్పారు. రక్తనాళాలు ఎంతవరకు అల్లుకున్నాయో రంగు ద్రవంతో యాంజియోగ్రఫీ చేసి చూశారు. ఏడో రోజుకి మైక్రోసర్జరీ వైపు 85 శాతం దాకా, మామూలు వైపు 64 శాతం. నెల తర్వాత వేరు కప్పబడినది 99 శాతం, 91 శాతం. ఏడాదికి కూడా తేడా దాదాపు అలాగే నిలిచింది.

బలమైన ఫలితమే. అయితే ఆ రెండు వైపుల మధ్య మారింది లెన్సు ఒక్కటే కాదు. పరికరాలు మారాయి, దారం మారింది, దాంతో కణజాలాన్ని ముట్టుకునే తీరూ మారింది. ఇందులో ఎంత వాటా దేనిదో ఆ పని చెప్పలేదు, చెప్పడానికి పెట్టుకున్నదీ కాదు. దీన్ని చూపించి "మైక్రోస్కోప్ కొంటే 99 శాతం" అనేవాళ్ళు ఒకటి గమనించాలి. 3-0 సిల్కు వేసి ఆ అంకెని చెప్పుకునే హక్కు మనకి లేదు.

మామూలు ఫ్లాప్ సర్జరీకి వస్తే సాక్ష్యం పలుచనే. చిన్న చిన్న అధ్యయనాలు, కొద్ది నెలల పరిశీలన, చేసేవాడికి ఏ వైపు ఏదో తెలియకుండా ఉంచడం కుదరని పని. మొదటి వారాల్లో గాయం మానే తీరు బాగుంటుంది, నొప్పి తక్కువ, ఆ తేడా కనిపిస్తుంది. నెలలు గడిచాక పాకెట్ (పంటికీ చిగురుకీ మధ్య ఏర్పడే సంచి) లోతులో తేడా తగ్గిపోతుంది. "పేషెంట్లు బాగానే ఉన్నారు కదా" అన్న డాక్టరు గారి మాటలో ఉన్న నిజం ఇదే. 5 మి.మీ. పాకెట్లున్న మామూలు కేసులో, అడ్డంగా తరిగిన ఎముకతో, ఉత్త కళ్ళతో జాగ్రత్తగా చేసినా పని అవుతుంది. దాన్ని కాదనడం మొండితనం.

కానీ ఎముకలో నిలువు గుంటలున్న కేసు వేరు. అక్కడ గాయం మూసుకుని ఉండటమే చికిత్స. 2001లో కోర్టెల్లినీ, టొనెట్టీ 26 మంది మీద మైక్రోస్కోప్‌తో మెంబ్రేన్ (ఎముక గుంటని కప్పే పలుచటి పొర) పెట్టి కుట్టినప్పుడు, 92 శాతం చోట్ల పాపిల్లా మానే కాలమంతా మూసుకునే ఉంది. పోల్చడానికి రెండో గుంపు లేని పని అది, అది గుర్తుంచుకునే చెబుతున్నాను. 2011లో వాళ్ళే చేసినది నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. అతి చిన్న ఫ్లాప్, పాపిల్లాని అసలు లేపకుండా, మైక్రోస్కోప్ కింద. ఒక గుంపుకి ఏ మందూ పెట్టలేదు, రెండో గుంపుకి ఎనామెల్ ప్రోటీన్లు, మూడో గుంపుకి ప్రోటీన్లతోపాటు బోన్ గ్రాఫ్ట్ (గుంటలో నింపే ఎముక పొడి). ఒక్కో గుంపుకి 15 మంది. మూడింటిలోనూ అటాచ్‌మెంట్ (వేరుకి కణజాలం పట్టు) సుమారు 4 మి.మీ. తిరిగి వచ్చింది, గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

దీన్ని మన ఊరి లెక్కలోకి తెచ్చి చూడండి. పుత్తూరు నుంచో పీలేరు నుంచో వచ్చిన పేషెంటు బిల్లులో పెద్ద వాటా గ్రాఫ్ట్ వయల్‌దీ మెంబ్రేన్‌దీ. సరైన కేసు ఎంచుకుని, చిన్నగా తెరిచి, రక్తపు గడ్డని కదలనివ్వకుండా మూయగలిగితే ఆ ఖర్చులో కొంతైనా తప్పించవచ్చేమో. ఒక చిన్న అధ్యయనాన్ని పట్టుకుని అందరికీ గ్రాఫ్ట్ మానేయమనడం లేదు. వెడల్పుగా, గోడలు లేకుండా ఉన్న గుంటలో ఫ్లాప్ కుంగిపోకుండా ఏదో ఒకటి నింపాల్సిందే. కానీ పెట్టుబడిని ప్రతి కేసులో గ్రాఫ్ట్ మీద కాకుండా ఒక్కసారి చూపు మీద, చేతి మీద పెట్టడం పేషెంటుకి చవక అని నా నమ్మకం.

అసలు లాభం వేరు మీద

మైక్రోసర్జరీ ఫొటోలన్నీ కుట్లవే. రోజువారీ పనిలో లెన్సు ఎక్కువగా ఆదుకునేది కుట్టేటప్పుడు కాదు, అంతకు ముందు వేరు శుభ్రం చేసేటప్పుడు. బోవర్ 1979లో మోలార్ల (దవడ పళ్ళ) ఫర్కేషన్ ద్వారాలు, అంటే వేర్లు విడిపోయే చోటి సందులు, కొలిచాడు. 81 శాతం 1 మి.మీ. లోపే, 58 శాతం 0.75 మి.మీ. లోపే. మన క్యూరెట్ (వేరుని గీకే పరికరం) బ్లేడు వెడల్పు 0.75 నుంచి 1.1 మి.మీ. అంటే సగానికి పైగా ద్వారాల్లో కొత్త క్యూరెట్ కూడా దూరదు. దూరిందని అనుకుంటూ బయటి అంచుని గీకుతాం. 3.5 రెట్ల లూప్స్, దానికి లైటు పెట్టుకుని చూస్తే ఆ సంగతి మొదటి కేసులోనే తెలుస్తుంది. సన్నటి అల్ట్రాసోనిక్ టిప్ తీసుకోవాలని అప్పుడు చెయ్యి వెతుకుతుంది.

ఇంకొకటి, నునుపు చేసి వదిలిన గార. పదును పోయిన క్యూరెట్‌తో గీకితే గార ఊడిరాదు, మెరుగు పెట్టినట్టు నున్నబడి వేరు రంగులో కలిసిపోతుంది. ప్రోబ్‌కి తగలదు. లైటు ఏటవాలుగా పడినప్పుడు మాత్రం చిన్న మెట్టులా నీడ కనిపిస్తుంది. దాన్ని చూడాలంటే వేరు పొడిగా ఉండాలి. తెరిచిన ఫ్లాప్‌లోకి ఎయిర్ సిరంజ్ మాత్రం కొట్టకండి, గాలి కణజాలాల్లోకి వెళ్ళి ముఖం ఉబ్బుతుంది. సెలైన్‌తో కడిగి, గాజు అద్ది, సన్న సక్షన్ టిప్ పెట్టి చూడాలి. పై లేటరల్ ఇన్‌సైజర్ల (నడిమి ముందు పళ్ళకి పక్కనుండే పళ్ళ) వెనక వైపు ఉండే వేరు గాడి, మోలార్ మెడ నుంచి ఫర్కేషన్‌లోకి జారిన ఎనామెల్, నిలువు పగులు, ఇవన్నీ అప్పుడే కంటపడతాయి. పగులు దొరికితే సర్జరీ అక్కడితో ఆపి పేషెంటుతో మాట్లాడాలి. ఎంత మంచి కుట్టయినా ఆ పంటిని నిలబెట్టదు.

ఫ్లాప్ తెరవకుండా చేసే రూట్ ప్లానింగ్‌లో (వేరుని గీకి నునుపు చేయడంలో) ఇదంతా పనిచెయ్యదు. పాకెట్ లోపలికి లూప్స్ కాదు, మైక్రోస్కోప్ కూడా చూడలేదు. అక్కడ వేళ్ళ స్పర్శే ఆధారం. "లూప్స్ ఉన్నాయి కాబట్టి డీప్ స్కేలింగ్‌తో సరిపెడదాం" అనుకోవడం పొరపాటు.

లూప్స్ కొనేటప్పుడు

ఎన్ని రెట్లు అన్నది నాలుగో ప్రశ్న. మొదటిది మీ కంటికీ పేషెంటు నోటికీ మధ్య దూరం. ఎక్స్‌పో స్టాల్ ముందు నిలబడి కొలిపించుకున్న దూరం క్లినిక్‌లో పనికిరాదు. మీ స్టూల్ మీద, మీ చెయిర్‌లో మనిషిని పడుకోబెట్టి, వీపు నిటారుగా, భుజాలు వదులుగా ఉన్నప్పుడు కొలవాలి. చాలామందికి 35 నుంచి 45 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. ఉన్నదానికంటే ఎక్కువ దూరానిది కొంటే ఫోకస్ కోసం వెనక్కి వాలుతూ చేతులు చాస్తారు. తక్కువది కొంటే వంగుతారు.

రెండోది లెన్సు గొట్టం కిందికి వాలిన కోణం. అది సరిపోతే మెడ 20 డిగ్రీలకు మించి వంగకుండా పని నడుస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్ని వేలకు దొరికే లోహపు ఫ్రేముల్లో ఎక్కువ భాగం విఫలమయ్యేది ఇక్కడే. బొమ్మ పెద్దదిగానే కనిపిస్తుంది, మెడ మాత్రం ముందుకంటే ఎక్కువ వంగుతుంది. మెడ నొప్పికని కొన్న వస్తువు మెడ నొప్పిని పెంచుతుంది. అంచుల్లో రంగుల చారలు, రెండు కళ్ళకూ బొమ్మలు ఒక్కటిగా కలవకపోవడం, సాయంత్రానికి తలనొప్పి, ఇవి ఆ తర్వాత.

మూడోది లైటు. రెట్లు పెరిగే కొద్దీ కంటికి చేరే వెలుతురు తగ్గుతుంది, కాబట్టి 3.5 దాటితే లైటు లేని లూప్స్ అసలు వాడకండి. చెయిర్ లైటు మన తల నీడనే పాకెట్‌లో పడేస్తుంది. తలకు పెట్టిన లైటు చూపు దారిలోనే వెళుతుంది. కాంపోజిట్ (వెలుతురుతో గట్టిపడే ఫిల్లింగ్) పని కూడా అదే లైటు కింద చేస్తే నారింజ ఫిల్టర్ వేసుకోవాలి, లేకపోతే పెడుతుండగానే గట్టిపడుతుంది.

రెట్ల విషయానికొస్తే, 2.5 గెలీలియన్ రకం తేలిక, దాదాపు నోరంతా కనిపిస్తుంది, పేషెంటు కాస్త కదిలినా ఫోకస్ పోదు. మొదటి లూప్స్‌గా ఇదే మంచిది. 4 దాటిన ప్రిజమ్ రకంలో బొమ్మ చాలా స్పష్టం, కానీ బరువు, కనిపించే మేర నాలుగైదు పళ్ళే. నలభై దాటినవాళ్ళకి ఇంకో మాట: కళ్ళజోడు పవర్‌ని లూప్స్‌లో వేయించుకుంటే రెండు మూడేళ్ళకు మళ్ళీ మార్పించాల్సి వస్తుంది, ఆ ఖర్చు ముందే అడిగి తెలుసుకోండి.

కంటి సర్జన్లతో పోలిక

"అరవింద్ కంటి ఆసుపత్రిలో మైక్రోస్కోప్ లేకుండా కేటరాక్ట్ చేస్తారా? మనమెందుకు చెయ్యాలి?" అని మైక్రోస్కోప్ అభిమానులు అంటుంటారు. వినడానికి బాగుంది. కానీ కన్ను ఒకే దిక్కు నుంచి, నేరుగా పైనుంచి కనిపించే చోటు. నోట్లో నాలుక ఉంది, ఉమ్మి ఉంది, పేషెంటు మింగుతాడు. 10 రెట్ల దగ్గర ఫోకస్‌లో ఉండే లోతు కొద్ది మిల్లీమీటర్లే, ఒక్క మింగుతో బొమ్మ చెదిరిపోతుంది. ఒక్క రక్తపు బొట్టు తెరంతా ఎర్రగా నింపేస్తుంది. పై రెండో మోలార్ వెనక వైపు చూడాలంటే అద్దంలో చూస్తూ తిరగేసి కుట్టాలి. అది నేర్చుకోవడానికి పట్టే కాలం చిన్నది కాదు.

అయినా పై ముందు పళ్ళ రిసెషన్, కింది ముందు పళ్ళ పాపిల్లా, ఎముక గుంట మీద చిన్న ఫ్లాప్, ఈ మూడింటిలో మైక్రోస్కోప్‌కి సాటి లేదు. లూప్స్‌లో కళ్ళు లోపలికి కలుసుకుని చూడాలి, మైక్రోస్కోప్‌లో సమాంతరంగా, దూరపు వస్తువుని చూస్తున్నట్టు విశ్రాంతిగా చూస్తాయి. గంటసేపటి పనిలో ఆ తేడా తెలుస్తుంది. కేసంతా ఒకే రెట్ల మీద చేయక్కర్లేదు. మొత్తం చూడటానికి 4–6, కోతకీ కుట్టుకీ 6–10, చివర అంచులు కలిశాయా అని సరిచూసుకోవడానికి 16. ఆ చివరి చూపు ఒక్క నిమిషం, కానీ తప్పించకూడనిది అదే.

పక్కనుండే అసిస్టెంట్‌ని మరిచిపోతే ఇవన్నీ వృథా. సర్జన్ కళ్ళు ఐపీస్ నుంచి తియ్యడు, పరికరం చేతిలోకి రావాలి, అదీ పదును వైపు కాకుండా. ఉత్త కళ్ళున్న అసిస్టెంట్ 7-0 కొసని కత్తిరించబోయి ముడినే కత్తిరిస్తే ఆ తప్పు వాళ్ళది కాదు. వాళ్ళకూ 2.5 లూప్స్ కొనాలి, లేదా మానిటర్ పెట్టాలి.

పేషెంటు వైపు నుంచి

"పండ్లు ఊగులాడతా ఉండాయి సార్, కోయకుండా అయ్యే పని లేదా" అని వచ్చే మనిషికి రెట్లతో పనిలేదు. వాళ్ళకి కావలసింది ఎన్నిసార్లు రావాలి, ఎంతవుతుంది, ఎప్పుడు తినొచ్చు. మదనపల్లె నుంచి వచ్చే పేషెంటు కుట్లు తియ్యడానికి మళ్ళీ పనిమానుకుని రావాలి. బ్రహ్మోత్సవాల వారంలో అయితే బస్సులో సీటే దొరకదు. పాలీప్రొపిలీన్ కుట్టు తియ్యక తప్పదు. తిరిగి రారని అనుమానముంటే కరిగిపోయే 6-0 వేయడం మేలు, కొద్దిగా రాజీ అయినా సరే. తియ్యాల్సిన కుట్టు చాలా రోజులు నోట్లో ఉండిపోతే చిగురుకి ముల్లే.

"మైక్రోస్కోప్ చార్జి" అని బిల్లులో విడిగా వేయడం నాకు నచ్చదు. వెలుతురుకీ చూపుకీ విడిగా డబ్బు తీసుకుంటే, అవి లేకుండా చేసే సర్జరీ కూడా ఒకటి ఉందని, అది పేదవాళ్ళకి చాలని మనమే ఒప్పుకున్నట్టు.

అందుకే ఇది పీజీ మొదటి ఏడాదిలోనే మొదలవ్వాలి. డిపార్ట్‌మెంట్‌కి ఒక్క జత లూప్స్ కొని అందరూ వాడుకోవాలంటే అద్దంలోనే బిగించిన రకం పనికిరాదు, అది ఒక్కరి కళ్ళకే కుదురుతుంది. కళ్ళ మధ్య దూరం, కోణం సర్దుకునే ఫ్లిప్ అప్ (పైకి ఎత్తుకోగలిగే) రకం తీసుకోవాలి. మొదటి రెండు నెలలు పేషెంటు మీద వద్దు. అట్టముక్క మీద బిగించి లాగిన గ్లౌజు రబ్బరుని కోసి 6-0తో కుట్టడం, అది కుదిరాక ద్రాక్ష తొక్క, ఆ తర్వాత మటన్ కొట్టులో అడిగి తెచ్చుకున్న మేక దవడ మీద ఫ్లాప్ లేపి 7-0. మేక చిగురు మన చిగురు కంటే బిరుసు, సూది అంత తేలిగ్గా దిగదు, ఆ తేడా ముందే చెప్పి చేయించాలి. వేసిన ప్రతి కుట్టునీ ఇంకొకరు లూప్స్‌తో చూసి, అంచు లోపలికి మడిచిందా, ఒకదాని మీద ఒకటి ఎక్కిందా, తెల్లబారేంత బిగిసిందా అని రాసిపెట్టాలి.